కొడిమ్యాలకు పోయిన డిస్కు

ఇప్పుడు మీరు కదిలే బస్సులో నిలబడి, ఒక చేత్తో పైన రాడ్డు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో వీడియో కత్తిరిస్తారు. దానికి పాట తగిలించి, దిగే స్టేజీ వచ్చేలోపు పదిమందికి పంపిస్తారు. పక్క సీట్లో కూర్చుని నేను చూస్తూ ఉంటాను. నాకు ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా పని నేర్పే ఉద్యోగం చేశాను. మొదట సిరిసిల్లలో టైపు మిషన్ల మీద నేర్పాను. మా శిక్షణ కేంద్రానికి కంప్యూటర్లు వచ్చాక వాటి మీద నేర్పాను. చివరి ఎనిమిదేళ్ళు జగిత్యాలలో గడిచాయి. చదువు ఆగిపోయిన ఆడపిల్లలు, పని కోసం చూసే మగపిల్లలు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు మా దగ్గర మూడు నెలల కోర్సుల్లో చేరేవారు. ఏం నేర్పాలో పైవాళ్ళు చెప్పేవారు, మేము నేర్పేవాళ్ళం. ఒక ఏడు ఆ పైవాళ్ళకు ఇంటి వీడియోల ఎడిటింగ్ నేర్పించాలని తోచింది. నాకేమో దాని ఓనమాలు కూడా తెలియవు. కంప్యూటర్‌తో పాటు ఉచితంగా వచ్చే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది. దాన్ని ఇంట్లో కుస్తీ పట్టి నేర్చుకుని మర్నాడు క్లాసులో చెప్పేదాన్ని. నా విద్యార్థుల కంటే సరిగ్గా ఒక పాఠం ముందు ఉండేదాన్ని. కొన్ని రోజులు అది కూడా కాదు.

ఆ బ్యాచిలో నలభై దాటిన మనిషి ఒకతను చేరాడు. కోరుట్ల పక్క పల్లె అతనిది. పదకొండేళ్ళు గల్ఫ్‌లో కట్టడాల దగ్గర ఇనుప కడ్డీలు కట్టే పని చేసి ఆ ఎండాకాలమే తిరిగొచ్చాడు. జగిత్యాలలో బావమరిది ఇంట్లో ఉంటూ క్లాసుకు వచ్చేవాడు. అతని అరచేయి కింద మౌసు కనబడేదే కాదు.

"మేడం, గీ ఎలుక నా మాట ఇంటలేదు" అనేవాడు మొదటి వారమంతా. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు. పాఠం అయ్యాక మాత్రం అందరూ వెళ్ళేదాకా ఆగి, నా బల్ల దగ్గరికి వచ్చి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఒక్క క్యాసెట్ల ఉన్న మనుషుల్ని యాడికాడికి వేరు చెయ్యొచ్చునా మేడం?"

మూడోసారి అడిగినప్పుడు విషయం చెప్పించాను. వచ్చేముందు అతను అక్కడ చేతిలో పట్టే చిన్న వీడియో కెమెరా ఒకటి కొన్నాడు. దాన్ని చూసి, క్యాంపులో అతనితో కలిసి ఉండే పదిహేడు మంది ఒక్కొక్కరూ మంచం మీద కూర్చుని తమ ఇంటివాళ్ళతో మాట్లాడినట్టు కెమెరాతో మాట్లాడారు. తల్లితో ఒకరు, పెళ్ళాంతో ఒకరు, తాను వెళ్ళాక పుట్టిన పిల్లతో ఒకరు. అన్నీ కలిపి నాలుగు చిన్న క్యాసెట్లు అయ్యాయి. వాళ్ళ ఇళ్ళు ముస్తాబాద్ నుంచి కొడిమ్యాల దాకా, తంగళ్ళపల్లి నుంచి కోరుట్ల దాకా చెదిరి ఉన్నాయి.

"నా మాట మా ఇంట్లనే ఇనవడాలె, ఇంకోలింట్ల ఇనవడొద్దు అని అందరు నాతోని ఒట్టు పెట్టించుకున్నరు మేడం. పెండ్లి వీడియోలు తీసేటాయనకు ఇస్తె అన్ని ఆయన సూస్తడు. అందుకే నేనే నేర్సుకుంట."

అతని దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఏ క్యాసెట్లో, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఎవరు మాట్లాడారు, అది ఏ ఊళ్ళో ఎవరి చేతికి ఇవ్వాలి అన్నవి వరుసగా రాసుకున్నాడు. అంత శుభ్రంగా రాసిన పుస్తకం మా ఆఫీసులో ఒక్కటీ లేదు.

కోర్సు సగంలో ఉండగా సకల జనుల సమ్మె వచ్చింది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలలోనే ఆగిపోయాయి. మా కేంద్రానికీ తాళం పడింది. మేమందరం తహసీల్ ఆఫీసు ముందు వేసిన టెంటు కింద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాళ్ళం. మా ఆఫీసు గుమాస్తా ఆ టెంటుకు పెద్ద. మనిషి పొట్టి, గొంతు పొడుగు. మైకు లేకపోయినా బస్టాండు దాకా వినబడేవాడు. నాలుగేళ్ళుగా మేమిద్దరం ఎదురుబొదురు బల్లల దగ్గర పనిచేస్తున్నాం. నన్ను అక్కా అనే పిలిచేవాడు, కానీ తప్పు పట్టుకోవాలంటే సొంత అక్కనైనా వదలని మనిషి.

నేను ఆ టెంటు కింద కుదురుగా కూర్చోలేకపోయాను. తెలంగాణ రావాలని నాకూ ఉంది, గొంతు పోయేదాకా నినాదాలు ఇచ్చాను. కానీ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఏదో పని సగంలో వదిలేసి వచ్చినట్టు ఉండేది. లేచి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గరికి వెళ్ళడం, తిరిగి రావడం, మళ్ళీ వెళ్ళడం. "అక్కా, జర కూసో. నిన్ను సూస్తె మాకే పరేషానైతుంది" అని గుమాస్తా అరిచేవాడు.

ఒకరోజు ఆ గల్ఫ్ మనిషి టెంటు వెనక నిలబడి సైగ చేశాడు.

"ఇంకా పన్నెండు మందియి ఉన్నయ్ మేడం. దసరాకు ఇండ్లల్ల అందుతయని మాటిచ్చి అచ్చిన. ఆడికెల్లి ఫోన్లు చేస్తున్నరు, మా అమ్మ సూసిందా, మా పిల్ల సూసిందా అని."

కేంద్రం తాళంచెవి నా దగ్గరే ఉంది. మర్నాడు పొద్దున్నే ముందు తలుపు ముట్టుకోకుండా వెనక తలుపు తీశాను. సమ్మెలో ఉన్న మనిషిని, సమ్మెలో ఉన్న ఆఫీసులోకి దొంగలా వెళ్ళాను. గనుల్లో బొగ్గు ఆగిపోవడంతో కరెంటు కోతలు ఘోరంగా ఉండేవి. జగిత్యాలలో పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఉండేది, ఆ తర్వాత మళ్ళీ చీకటి పడే వేళకే. ఆ మూడు గంటల్లోనే మా పని జరగాలి. కత్తిరించడం తొందరగానే అయ్యేది. కత్తిరించినదాన్ని వీడియోగా తయారు చేయమంటే మాత్రం మా కంప్యూటర్ అరగంట ఆలోచించేది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. బయట చెప్పుల చప్పుడైతే చాలు, తెర ఆర్పేసేదాన్ని.

ఆ కంగారులోనే నేను చేయకూడని పని చేశాను. పని నేర్పేవాళ్ళు ఏది చేసినా చేయవచ్చు గానీ, నేర్చుకునేవాడి చేతిలోంచి మౌసు లాక్కోకూడదు. అతను ఒక్కో ముక్కనూ నెమ్మదిగా, నోటుబుక్కులో వేలు పెట్టి చూసుకుంటూ చేస్తున్నాడు. నాకేమో గోడ గడియారం తప్ప ఇంకేమీ కనబడటం లేదు. "ఇటియ్యి తమ్మీ, నేను జల్ది చేస్త" అని అతన్ని లేపి నేను కూర్చున్నాను. అతను నిమిషాలు చదువుతుంటే నేను కత్తిరిస్తూ పోయాను.

కొడిమ్యాల పక్క మనిషి ఒకడు మూడో క్యాసెట్లో రెండుచోట్ల ఉన్నాడు. మొదట ఒకసారి, పక్కవాళ్ళు ఇద్దరు మాట్లాడాక మళ్ళీ ఒకసారి. అదే మొహం, అదే నీలం చొక్కా. ఒకే మనిషి ముక్కలు పక్కపక్కన చేర్చాలని క్లాసులో నేనే చెప్పాను. మొదటిది తల్లికని అతను చదివాడు; రెండోదాని నిమిషాలు వినగానే, అది ఎవరికో అతను చదివేలోపే రెండూ చేర్చాను. ఒక బొమ్మ కరుగుతూ ఇంకో బొమ్మ వచ్చే పద్ధతి ఆ వారమే కొత్తగా నేర్చుకున్నాను. ఎక్కడ వాడదామా అని చేతులు దురదపెడుతున్నాయి. అది ఆ రెండింటి మధ్య పెట్టాను. మొదట పూలదండ బొమ్మతో 'అమ్మకు' అని అక్షరాలు కూడా వేశాను. చాలా అందంగా వచ్చిందనుకున్నాను. బయట ఎవరికైనా వినబడుతుందని శబ్దం పూర్తిగా తగ్గించి ఉంచాను. అందుకే అతను ఏం మాట్లాడాడో నేను వినలేదు.

నోటుబుక్కులో ఆ మనిషికి రెండు వరుసలు ఉన్నాయి. మొదటి దాని ఎదురుగా 'తల్లికి, కొడిమ్యాల' అని రాసి ఉంది. రెండో దాని ఎదురుగా 'భార్యకు, కోరుట్ల, ఆమెకు మాత్రమే' అని రాసి, కింద గీత గీసి ఉంది. నేను ఆ పుస్తకం వైపు చూస్తే కదా.

రెండు రోజుల తర్వాత, పొద్దున పదకొండు గంటలప్పుడు మళ్ళీ ల్యాబులో ఉన్నాం. ఇక కోరుట్ల డిస్కులు మిగిలాయి. అతను మౌసు పట్టుకుని ఆ రెండో ముక్క కోసం వెతికాడు. దొరకలేదు. నోటుబుక్కు చూశాడు, తెర చూశాడు, మళ్ళీ నోటుబుక్కు చూశాడు.

"మేడం, గీయన పెండ్లానికి చెప్పింది యాడ పెట్టిండ్రు?"

నేను ఆ 'అమ్మకు' అన్న వీడియో తెరిచాను. ఈసారి శబ్దం పెంచాను. పూలదండ వచ్చింది. నీలం చొక్కా మనిషి నవ్వుతూ తల్లితో మాట్లాడాడు. తర్వాత బొమ్మ మెల్లగా కరిగి, అదే మనిషి నవ్వు లేకుండా వచ్చాడు. ఒడిలోని తువ్వాల తీసి కుడిచెయ్యి కెమెరాకు చూపించాడు. చూపుడు వేలు, దాని పక్క వేలు లేవు.

"మిషన్ల వడ్డయ్. మానింది, నువ్వేం రందివడకు. అమ్మకు మాత్రం చెప్పకు. ఆమె తట్టుకోదు" అంటున్నాడు.

అతను అప్పటికే బావమరిదికి ఫోను చేస్తున్నాడు. కొడిమ్యాల వైపు డిస్కులన్నీ ఆ పొద్దున్నే బావమరిది ట్రాక్టరు మీద వెళుతూ పట్టుకుపోయాడు. ఫోను పెట్టేశాక అతని ముఖం చూడలేకపోయాను.

"ఇచ్చిండట మేడం. ఆమె ఇంట్ల టీవీ లేదు, పక్కింట్ల ఏస్తరట. ఆడ కరెంటు రెండింటికి వస్తదట. వాడకట్టు వాడకట్టంత జమైతున్నరట."

నేను సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వెళ్ళాను. అతను కదల్లేదు.

"ఉత్త చేతుల్తోని పోయి ఏమని అడుగుతం మేడం? కొడుకు మొకం సూస్తనని కూసున్నది ఆమె. మంచిది చేస్కొని పోదాం."

అతను చెప్పింది నిజం. ఈసారి నేను మౌసు ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తల్లికి చెప్పిన ముక్కను అతను విడదీశాడు, పూలదండ తీసేశాడు, వీడియో తయారు చేయమని నొక్కాడు. తెర మీద ఆకుపచ్చ గీత చీమలా నడుస్తోంది. పదకొండూ నలభైకి అయింది. డిస్కు పెట్టి ఎక్కించడం మొదలుపెట్టాం. పన్నెండుకు ఇంకా పది నిమిషాలు ఉందనగానే కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కీ కీమని అరవడం మొదలుపెట్టింది. అది ఎంతసేపు ఆగుతుందో ఎవరికీ తెలియదు. అతను డిస్కు ఎక్కే పెట్టె మీద చెయ్యి వేసి, పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమురుతున్నాడు. చివరికి అది నోరు తెరిచి డిస్కు బయట పెట్టింది. అతను దాన్ని తీసుకున్న కాసేపటికే కంప్యూటర్ ఆరిపోయింది.

అసలే బస్సులు లేవు. ఆ రోజు రాస్తారోకో కావడంతో ఆటోలూ లేవు. నాకు తెలిసి బండి ఉన్నది ఒక్క గుమాస్తాకే. టెంటు దగ్గరికి పరుగెత్తాను.

"నీ బండి గావాలె. కొడిమ్యాల దాక పోవాలె."

"ఇయ్యాల ఎట్ల పోతవక్కా? తొవ్వ పొడుగూత మనోళ్ళే కూసున్నరు. గంత ఏం పని?"

ఎవరికో బాగాలేదని చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. అప్పటికే చాలా దాచాను, ఇంకొకటి దాచే ఓపిక లేకపోయింది. ల్యాబు తెరిచిన దగ్గరి నుంచి అంతా చెప్పాను.

"సమ్మెల ఉండి ల్యాబు తెరిసినవా?" అని అతను అరిస్తే టెంటు మొత్తం నా వైపు తిరిగింది. "గింతమందిమి గీడ ఎండల కూసుంటె నువ్వు ఎనక తలుపుల కెల్లి పోయినవా అక్కా?"

"తప్పే చేసిన. మళ్ళొచ్చినంక ఎన్ని మాటలన్నా పడ్త. ముందుగాల బండియ్యి."

అతను నా వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. "ఏమున్నది గా డిస్కుల?"

"ఓ తల్లి సూడొద్దని కొడుకు దాసుకున్నది సార్" అన్నాడు అతను.

గుమాస్తా జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చి, టెంటు గుంజకు కట్టిన జెండా ఒకటి విప్పి తన చేతులతోనే బండి హ్యాండిలుకు కట్టాడు. "గిది సూస్తె పోనిస్తరు. నీ సంగతి తర్వాత చెప్త."

కరీంనగర్ రోడ్డు మీద రెండుచోట్ల జెండా చూసి పోనిచ్చారు. కొడిమ్యాలకు మళ్ళే పూడూరు దగ్గర మాత్రం ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్లు, రాళ్ళ పొయ్యిల మీద పెద్ద పెద్ద గిన్నెలు. రోడ్డు మీదే వంట చేసి అందరికీ వడ్డిస్తున్నారు. ఒకామె మా బండి ముందుకొచ్చి హ్యాండిలు పట్టుకుంది.

"జెండ కట్టుకొని అచ్చిండ్రు, తినకుంట ఎట్ల పోతరు? బువ్వైంది, దిగుండ్రి."

"అర్జంటు పని అక్కా."

"అందరికి అర్జంటే చెల్లే. గందుకే గీడ కూసున్నం."

చేతుల్లో విస్తరాకులు పెట్టేశారు. అప్పటికి ఒంటిగంట ఇరవై. నా జీవితంలో అంత ప్రేమగా పెట్టిన అన్నాన్ని అంత విసుగ్గా ఎప్పుడూ తినలేదు. నిలబడే నాలుగు ముద్దలు మింగి చేయి కడుక్కున్నాను. ఆమె ట్రాక్టరు కొద్దిగా జరిపించి దారి ఇచ్చింది. "పైలంగ పోండ్రి" అంది, నేను విసుక్కున్నది చూడనట్టే.

మేం చేరేసరికి రెండుకు పది నిమిషాలు ఉంది. ఆ వాడకట్టులో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఒక ఇంటి ముందు ఇరవై జతల చెప్పులు ఉన్నాయి. లోపల ఆరిపోయి ఉన్న టీవీ ఎదురుగా జనం. అందరికంటే ముందు, పీట మీద, ఉతికిన తెల్లచీర కట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. డిస్కును తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకుంది.

నా వెంట వచ్చినతను తానెవరో చెప్పాడు. ఆమె కొడుకు పడుకునే మంచం పైమంచం తనదేనని చెప్పాడు. ఆమె అతని చేతులు రెండూ పట్టుకుని, ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. అతను తల వంచుకున్నాడు. నేను ముందుకొచ్చి అబద్ధం చెప్పాను.

"అవ్వా, గా డిస్కు మీద గీతలు వడ్డయ్. నడుమల ఆగిపోతది. గిది మంచిది, గిది ఏద్దాం."

ఆమె తువ్వాల విప్పి డిస్కు నా చేతిలో పెట్టింది. దాన్ని సంచిలో వేసుకున్నాను. ఆ తర్వాత రెండు నిమిషాలకే ఫ్యాను తిరిగింది.

నీలం చొక్కా మనిషి టీవీలో కనబడగానే పిల్లలు అరిచారు. "వందనాలమ్మా" అని చెయ్యెత్తాడు. మంచిగున్నానన్నాడు. పని మార్చారని, ఇప్పుడు ఎండలో కాదు, సామాన్ల గదిలో నీడపట్టున పని అన్నాడు. వాన కురిసే దగ్గర రేకుల మీద కవరు కప్పించమన్నాడు. మూడు నిమిషాలు, అంతే. ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. తల్లి మాత్రం ఏడవలేదు.

"ఇంకోపారి ఎయ్యుండ్రి" అంది.

మూడుసార్లు చూసింది. మూడోసారి పీట టీవీ దగ్గరికి జరుపుకుంది. అయ్యాక లేచి, "మా ఇంటికి రాండ్రి, నీళ్ళు తాగి పోదురు" అని మా ఇద్దర్నీ పిలిచింది. పక్కిల్లే. ఆ పదిహేను అడుగులకు గోడ పట్టుకుని రెండుసార్లు ఆగింది.

ఒకే గది. గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు. మాకు చాప వేసి, తాను మంచం మీద కూర్చుని, తలుపు దగ్గరికి వేయమంది. అప్పుడు అడిగింది.

"వాడు ఎడమ చేత్తోని ఎన్నడు వందనం పెట్టలే. కుడిచెయ్యి తువ్వాల కిందికెల్లి తియ్యనే లేదు. ఏమైంది కొడుకా?"

పదకొండేళ్ళు ఎండలో ఇనుము మోసిన ఆ మనిషి చాప వైపు చూశాడు. నా వైపు చూశాడు. సంచిలో ఉన్న డిస్కు నాకు రాయిలా బరువుగా ఉంది. మళ్ళీ అబద్ధం చెప్పవచ్చు. లేదా ఆ రెండో ముక్క చూపించి చేతులు దులుపుకోవచ్చు. కరెంటు ఉంది, టీవీ పక్కింట్లోనే ఉంది.

"అవ్వా, గీతలు వడలే. నేను అబద్ధం చెప్పిన. నీ కొడుకు రెండు తీర్ల మాట్లాడిండు. ఒకటి నీకు, ఇంకోటి వాని పెండ్లానికి. నేను తొందరల రెండు కలిపిన. తప్పు నాది. ఆమెకు చెప్పింది గీ సంచిల ఉన్నది. ఇగ నువ్వెట్లంటె గట్ల."

ఆమె సంచి వైపు చూసింది. తర్వాత అతన్ని అడిగింది. "పానం మంచిగున్నదా వానికి?"

"మంచిగున్నడవ్వా. నేనొచ్చెనాడు నా పెట్టె బస్సు దాక వాడే మోసిండు."

"పెట్టె మోసిండా" అంది తనలో తాను. మళ్ళీ అంది, "పెట్టె మోసిండంటె ఇగ మంచిదే." కొంగుతో మొహం ఒత్తుకుంది. "వద్దు బిడ్డా. నాకేం పంపిండో గదే సూస్త. పెండ్లానికి పంపింది పెండ్లానికే ఇయ్యి. వాడు గంత కష్టపడి దాసుకుంటె, నేను ఎతికి సూసుడేంది?"

పొద్దుటి నుంచి పరుగెత్తుతున్న కాళ్ళు ఆ చాప మీద మొదటిసారి నిలిచాయి.

"గా డబ్బ తెచ్చినవా?" అని అడిగింది ఆమె అతన్ని. అతను సంచిలోంచి కెమెరా తీశాడు. "నేను గుడ వానితోని మాట్లాడ్త, తియ్యి."

అతను కెమెరా కంటికి పెట్టుకున్నాడు. ఆమె నోరు తెరవబోయి, "ఆగాగు" అంటూ లేచింది. కిటికీలో ఉన్న మందుల సీసా, మాత్రల అట్టలు తీసి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. మంచానికి ఆనించిన చేతికర్రను తలుపు వెనక నిలబెట్టింది. మంచం పట్టె పట్టుకుని తిరిగొచ్చి, జుట్టు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"ఇగ తియ్యి" అంది. కెమెరా ముందు ఎర్రదీపం ఎప్పటి నుంచో వెలుగుతోంది.

"వందనాలు కొడుకా. నేను మంచిగున్న. మోకాళ్ళు తగ్గినయ్. మొన్న ఐతారం చర్చి దాక నడిసే పోయిన..."

సాయంత్రం టెంటు దగ్గర బండి తాళంచెవి ఇచ్చేశాను. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "అందిందా?" అని అడిగాడు. అందిందన్నాను. మర్నాటి నుంచి మూడు రోజులు నన్ను ముందు వరుసలో, నీడ అందని చోట కూర్చోబెట్టాడు. కూర్చున్నాను, లేవకుండా. నాలుగో రోజు మంచినీళ్ళు తాగుతుంటే పక్కకొచ్చి, ఇంతకు ముందు నేనెప్పుడూ వినని మెల్లని గొంతుతో అన్నాడు. "ఎనక తలుపు గడియ మస్తు సప్పుడు చేస్తదక్కా. జర నూనె పెట్టు."

పదిహేడు మంది ఇళ్ళకూ దసరాలోపు డిస్కులు చేరాయి. కోరుట్లది ఆ గల్ఫ్ మనిషే స్వయంగా పట్టుకెళ్ళి, ఆ భార్య చేతికే ఇచ్చి వచ్చాడు. ఆ కొడుకు మరుసటి ఏడు సెలవు మీద వచ్చాడని విన్నాను. తల్లీ కొడుకులు ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ తర్వాత నేను నడిపిన ప్రతి బ్యాచికీ ఒక మాట చెప్పాను. అది ఏ పుస్తకంలోనూ లేదు. తయారైన వీడియోను ఎవరి చేతికైనా ఇచ్చేముందు శబ్దం పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి చూడండి, అది ఎవరికో వాళ్ళు పక్కన కూర్చున్నారనుకుని చూడండి. విన్నవాళ్ళు తక్కువ. నేను చెప్పినప్పుడు నాకే పంతులమ్మ గొంతులా వినిపించేది. మీరైనా వింటారేమోనని మళ్ళీ చెబుతున్నాను.

ఇంకొక్క పొద్దుటి సంగతి మిగిలింది. నూనె పెట్టిన వెనక తలుపు తీసుకుని ఆ గల్ఫ్ మనిషీ నేనూ వెళ్ళి, ఆ తల్లి మాట్లాడినది కంప్యూటర్‌లోకి ఎక్కించాం. మౌసు అతని చేతిలో ఉంది. నేను కాస్త దూరంగా కుర్చీ వేసుకున్నాను. బొమ్మ మొదలైంది. 'ఆగాగు' అంటూ ఆమె లేవడం, మందులు డబ్బాలో వేయడం, కర్ర దాచడం, మంచం పట్టుకుని తిరిగి రావడం, అన్నీ పడ్డాయి. అతను ఆపాడు.

"మేడం, గిది ఉంచాల్నా?"

"నీకేమనిపిస్తుంది తమ్మీ?"

అతను ఆ ఆగిపోయిన బొమ్మను చూశాడు. తర్వాత మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి, ఆమె 'ఇగ తియ్యి' అన్న మాట తర్వాత, 'వందనాలు' అనే మాటకు ముందు కత్తిరించాడు. వీడియో తయారయ్యాక, నేను చెప్పకుండానే శబ్దం పెంచి మొదటి నుంచి చివరి దాకా చూశాడు. మళ్ళీ ఒకసారి చూశాడు. ఆ తర్వాతే డిస్కు పెట్టాడు.

"మరి గా ముందు ముక్క ఏం చేసినవ్?" అని అడిగాను.

"తీసేసిన మేడం" అన్నాడు. "అవ్వ గది పంపలే గద."